మణికొండ గేజ్

జూలై 14, సోమవారం

మణికొండలో వానను కొలిచే రెయిన్ గేజ్‌ను వాన, వరద ఫోర్‌కాస్ట్ మోడల్ నుంచి తీసేశాడు మా టీమ్ లీడ్ శ్యామ్. ఎవరికీ చెప్పలేదు. మా రూతమ్మ పిన్ని ఉండే నాలా గల్లీకి ఎగువన ఉన్న గేజ్ అదొక్కటే. అది లేకుంటే నీళ్లు రాకముందు అలర్ట్ రాదు. మా యాప్‌లో అలర్ట్ వస్తే కిరాణా నర్సయ్య ఫోన్ మోగుతుంది, అతను కేకేస్తే గల్లీ అంతా లేస్తుంది. నిరుడు అలా లేచే బతికారు.

అడిగితే, ఎండలో కూడా వాన చూపిస్తోంది తమ్ముడూ, మిగతా లెక్కలకు పొసగని ఔట్‌లయర్, డేటా క్లీన్ చేశామంతే అన్నాడు. క్లీన్. మనుషుల్ని కూడా ఇలాగే చేస్తారు.

జూలై 15

అక్యురసీ పెరిగిందని మెయిల్. కేక్ కోశారు. నేను తినలేదు.

జూలై 16, మధ్యాహ్నం

సైన్స్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పనిచేస్తుందని నా దగ్గరున్న సంఘం కరపత్రాలన్నీ చెబుతాయి. గేజ్ ఉన్నది బిల్డర్ యజ్ఞనారాయణ అపార్ట్‌మెంట్ డాబా మీద. పక్కనే ఆయన కొత్త ఫ్లాట్లు కట్టి అమ్ముతున్నాడు. ఏరియా మునుగుతుందని ఫోన్లు మోగితే ఎవడు కొంటాడు? ఆయనదీ శ్యామ్‌దీ ఒకే ఊరు. ఇంకేం కావాలి.

పక్క సీటు దేవిశ్రీకి చెప్పాను. నీకు టీ తక్కువైంది, జర పోయి తాగిరా అంది.

జూలై 17

డాబా ఎక్కాను. ఎర్రటి ఎండ. గేజ్ నిండా నీళ్లు.

వాటర్ ట్యాంకును ఆనుకుని ఉంది. కింద మోటార్ ఎవరూ ఆపలేదు, ట్యాంకు పొంగి తిన్నగా అందులోకే పడుతోంది. యజ్ఞనారాయణ గారి భార్య జయలక్ష్మి గారు వచ్చారు. వేసవిలో వడియాలు పెట్టుకోడానికి చోటు చాలక నేనే జరిపానండి, అది వానని కొలిచేదని నాకెవరు చెప్పారు అన్నారు. ఇద్దరం కలిసి దాన్ని పాత చోట పెట్టాం. వేయించిన వడియాలు పెట్టారు. సిగ్గుపడుతూనే తిన్నాను.

జూలై 18

శ్యామ్‌కు ఫొటోలు చూపించాను. గేజ్ తప్పు లేదు, మళ్లీ కలపండి అన్నాను. మంచి పని చేశావు తమ్ముడూ, సీజన్ అయ్యాక చూద్దాం, ఇప్పుడు అక్యురసీ నంబర్ బాగుంది, కదిలించొద్దు అన్నాడు. సోమవారం రాత్రి నుంచి భారీ వర్షమని మన మోడలే అంటోంది కదా, గల్లీ సంగతేంటి అన్నాను. అక్కడ మన యాప్ ఎంతమంది దగ్గరుంది చెప్పు అన్నాడు.

ఒక్కడి దగ్గర. నర్సయ్య.

జూలై 20

పిన్నికి ఫోన్ చేసి, మీరంతా వచ్చి అడగాలన్నాను. సార్లతో కొట్లాట వద్దు బిడ్డా, నౌకరీ పోతది అంది పిన్ని. తర్వాత తనే, ఎన్ని గంటలకు రావాలె అని అడిగింది.

రేపు ఉదయం తొమ్మిదింటికి. మా ఆఫీసు గేటు దగ్గర. నాలా గల్లీ మొత్తం. యాప్ లేనివాళ్లు ముందు వరుసలో.