చీర వెనక ఎవరు?

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 3

చిరంజీవి నిఖితకు పెదనాన్న చెన్నకేశవరావు ఆశీస్సులు.

కొత్తింటి హాల్లోకి నువ్వు తీసిన ఫొటో ఒకటి పంపమంటే కొండో, కృష్ణానదో వస్తుందనుకున్నా. నాలుగడుగుల ఫ్రేము నిండా ఎర్రచీర, దాని మీద ఎండ వచ్చాయి. తలకిందులుగా పెట్టి చూసినా అంతే ఉంది. మీ పెద్దమ్మ దాని ముందు నిలబడి, "మధ్యలో ఆ నీడ ఎవరిది?" అంది. ఎవరూ లేరన్నా. "ఎవరూ లేకపోతే చీర దానంతటది ఎట్టా నిలబడుద్ది?" అంది. జవాబు రాయి.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ఫోన్ చేయకు. మీ పెద్దమ్మ స్పీకర్ పెట్టమంటోంది.

నందిగామ,
ఫిబ్రవరి 6

పెదనాన్నకు నమస్కారాలు.

దాన్ని అబ్‌స్ట్రాక్ట్ ఫొటో అంటారు. బొమ్మ ఏమిటని చూడకూడదు, బట్టలో వెలుగు ఎలా జారుతోందో చూడాలి. పెద్దమ్మ కన్ను మాత్రం గట్టిది. చీర వెనక ఒకరున్నారు. అడక్కుండా తీశా కాబట్టి ఆయన పేరు చెప్పలేను.

మీ నిఖిత

తా.క. ఫ్రేముకు కొక్కెం ఉన్నది పై వైపు.

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 9

నిఖితకు,

"ఆయన" అని రాశావు. నీ ఉత్తరం నాకంటే ముందు మీ పెద్దమ్మ చదివింది. "మగాడికి చీరతో ఏం పని?" అని ఒకసారి, "మీకు తెలిసినాయనేనా?" అని ఇంకోసారి అడిగింది. నేనేదో దాస్తున్నానని నిన్నటి నుంచి అన్నం పెట్టి అవతలికి వెళ్ళిపోతోంది.

నాకు అర్థమైంది. ముప్ఫై అయిదేళ్ళుగా బట్టల కొట్టు నడుపుతున్నవాణ్ణి. ఆ ఎరుపు మా కొట్లో ఉండదు. మీ ఊరి సాయిప్రసాద్ సరుకది, రెండు ఉతుకులకు వెలిసిపోయే రకం. నా హాల్లో వాడి కొట్టుకు ప్రచారం చేయిస్తున్నావు. వెనకున్నది వాడేనా?

ఇట్లు,
చెన్నకేశవరావు
(పెదనాన్న అని రాయబుద్ధి కాలేదు)

తా.క. ఫొటోను గోడవైపు తిప్పి పెట్టా. వచ్చినవాళ్ళు ఇదే బాగుందంటున్నారు.

నందిగామ,
ఫిబ్రవరి 12

పెదనాన్నా,

కోప్పడనంటే చెబుదామనుకున్నా. ఇప్పుడు కోప్పడినా చెప్పక తప్పదు.

దీపావళికి ముందు మీ కొట్టుకొచ్చా. ఫొటోలు తీస్తే డిజైన్లు బయటికి పోతాయని మీరు బోర్డు పెట్టారు. అందుకే ఇన్నాళ్ళూ దాచా. కీసర నుంచి వచ్చినావిడ రంగు సరిగా తెలియడం లేదంటే, మీరే చీర విప్పి, గుమ్మంలో ఎండకు అడ్డంగా రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. "మీ మనవరాలు కట్టినా ఈ ఎరుపు దిగదమ్మా" అంటున్నారు. వెలుగంతా చీరలోంచి లోపలికి వచ్చింది. మధ్యలో ఆ మసక నీడ మీరే.

క్షమించమంటూ,
నిఖిత

తా.క. పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పేశా. "పెళ్ళైన కాణ్ణించీ అంతేగా. చీర కనపడుద్ది, మనిషి కనపడడు" అంది.