నాన్న ఊరి సూప్

నైఫ్, దుబాయ్, 2005, శుక్రవారం రాత్రి

ఒళ్లు మండిపోతోంది. పక్క వీధిలో కొత్తగా పెట్టిన చైనా హోటల్‌కి నా రూమ్మేట్ మేరీ లాక్కెళ్లింది. వంటాయనది కాంటన్, మా నాన్న ఊరే.

"యల్లా, కానీయ్, మీ నాన్న ఊరి అస్లీ చేపల సూపంట, తాగవే!" అంది మేరీ.

తాగాను. అమ్మ చేసేదాని ముందు ఉత్త అల్లం నీళ్లు!

రంగూన్, పెనాంగ్, కలకత్తా తిరిగొచ్చి విశాఖలో అమ్మను చేసుకున్న పెద్దమనిషి, ఆమె ఆ సూప్ పెట్టినప్పుడల్లా "మా ఊరి రుచి రాలేదు" అనేవాడు. అమ్మ పాపం అల్లం తగ్గించి, మిరియాలు పెంచి, కరివేపాకు వేసి, తీసి, ఎన్ని పాట్లు పడిందో! ఆయన పోయాక కూడా తన చేతికి ఆ రుచి రాలేదనే నొచ్చుకుంటోంది.

ఆయన మాత్రం ప్రతిసారీ రెండో గిన్నె అడిగేవాడు. బాగుందని ఒక్కసారి చెప్పి చావొచ్చుగా, నాన్నా!