పూతకు ముందే ఆగిన లారీ

స్మరాండా, నేనూ తేనెటీగలూ క్షేమమే. కంగారు పడకు.

తేనె పూతకొచ్చిన లిండెన్ చెట్ల అడవి ఇంకా నలభై కిలోమీటర్లు ఉందనగా లారీ ఆపేశాను. ఇంజను వేడెక్కేసరికి ఆయిల్ ప్రెజర్ ముల్లు సున్నాకు పడిపోతోంది. ఇక్కడి ముసలి మెకానిక్ నిస్తోర్ వేరే మీటరు తగిలించి చూశాడు. అదీ అంతే చూపింది. ఇంజను కింది చాంబరు విప్పితే ఆయిల్లో రాగిరంగు పొడి తేలింది.

"బేరింగులు అరిగిపోయాయి నాయనా. ఎవరో చిక్కటి ఆయిలు పోసి దీని నోరు మూయించారు," అన్నాడు.

"పోసింది నేనే బాబాయ్."

"మరి మీ ఆవిడకు తెలుసా?"

తెలియదు కదా. బయలుదేరేముందు ఇంజనులో ఆ చప్పుడేమిటని నువ్వడిగితే ఏమీ లేదని, ఆ తర్వాత చిక్కటి ఆయిలు పోశాను. పూత దాటిపోతుందని నా తొందర.

బేరింగులు రావడానికి నాలుగు రోజులట, పూత వారంలో రాలిపోతుంది. తేనెటీగల పెట్టెలు ఎండలో ఉన్నాయి. గంటకోసారి గోనెలు తడిపి కప్పుతున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు. పెట్టెల్ని అడవికి చేర్చడానికి మీ అన్న దోరును ట్రాక్టరు, ట్రాలీ తీసుకుని వెంటనే రమ్మను. ఆవు ఈనిందా? అమ్మకు పంటినొప్పి తగ్గిందా? ఆమెకు నా దండాలు.

ఈ కార్డు బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, ఎక్కడికి రావాలో అతనే చెప్తాడు. నువ్వు మాత్రం జవాబు రాయకు. దోరు వెంట వచ్చి, తిట్టేదేదో ఎదురుగానే తిట్టు.

నీ గవ్రిలా