రోముకి వెళ్లే గెలాక్సీ రాయి

ఏమండీ,

మొన్న మీ సంవత్సరీకం అయింది. ఇవాళ మార్టూరు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో గెలాక్సీ రాయి కడుగుతుంటే, నల్లటి పలక నిండా బంగారు చుక్కలు తేలాయి. "ఇది రోముకి పోద్దమ్మా, గీత పడనీకు" అన్నాడు మేస్త్రీ.

రోము అనగానే మీరు గుర్తొచ్చారు. చుక్కలన్నీ సూర్యుళ్లేనన్న తత్వవేత్తను ఆ ఊళ్లోనే కాల్చేశారని ట్యూషన్ పిల్లలకు చెప్పేవారు. మంటల్లోనూ మాట్లాడతాడని భయపడి ముందే నోరు కట్టేశారని చెప్పి పుస్తకం మూసేసేవారు.

కౌలు చేలో పత్తంతా పోతే, నాతో ఒక్క మాటైనా అనకుండా పురుగుమందు తాగారు. పాడె ఎక్కించేముందు "దవడ జారుద్ది, గుడ్డ కట్టమ్మాయ్" అన్నారు మీ అన్నయ్యగారు. నేనే కట్టాను.

ఇంకా ఏదైనా చెబుతారేమోనని ముడి వదులుగా వేశానండీ.