వెఫ్ట్‌మెన్ పాటకు ఒకటో స్థానం

యార్క్‌షైర్‌లోని క్రాగ్‌డేల్ పట్నంలో, కెనాల్ రో పదకొండో నంబరు ఇంట్లో ఉంటున్న ఎనిడ్ సగ్డెన్ అనే నేను రాస్తున్న వీలునామా ఇది. నా వయసు డెబ్బై అయిదు. పెళ్ళి చేసుకోలేదు. ఊరి వారపత్రికలో విలేఖరిగా పనిచేసి రిటైరయ్యాను. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు నిన్ననే పరీక్షించి రాసిచ్చారు. నాకు కోపంగా కూడా ఉంది. కోపం వేరు, మతిచలనం వేరు. ఎవరైనా ఆ రెంటినీ కలిపి కోర్టుకెక్కితే డాక్టరు కాగితం చూపించాలి. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలేవీ ఇకమీదట చెల్లవు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత న్యాయవాది ఫిలిపా హోల్రాయిడ్‌కు అప్పగిస్తున్నాను. “మిస్ సగ్డెన్, వీలునామాలో ఎవరేమన్నారో ఇదంతా ఎందుకండీ?” అని ఆమె రెండుసార్లు అడిగింది. ఎవరేమన్నారో రాయడమే నా వృత్తి. ఒక్క వాక్యం కూడా కత్తిరించవద్దని కోరుతున్నాను.

2. కెనాల్ రో ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తమ్ముడు అల్విన్ సగ్డెన్‌కు సర్వహక్కులతో చెందుతుంది. భార్య ఐవీ పోయినప్పటినుంచి అతను నాతోనే ఉంటున్నాడు. ఆ ఇంటిని ఉంచుకున్నా, అమ్ముకున్నా, గాడిదలకు ఆశ్రమం పెట్టినా అతని ఇష్టం. అతని కొడుకు నెవిల్‌కు ఆ ఇంట్లో నేను ఏ భాగమూ ఇవ్వడం లేదు. కారణం కింద చెబుతాను. నెవిల్‌కు తెలుసు. అయినా రాతపూర్వకంగా ఉండాలి.

3. అల్విన్ ఇరవై రెండేళ్ళ వయసులో వెఫ్ట్‌మెన్ అనే బృందంలో డ్రమ్ము వాయించేవాడు. నలుగురూ ఈ ఊరి మిల్లుల్లో పనిచేసిన కుర్రాళ్ళే. 1963 మే నెలలో వాళ్ళ “టోల్‌గేట్ లేన్” పాట దేశమంతా అమ్ముడుపోయింది. ఆ రోజుల్లో ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో చెప్పే పట్టిక ఒక్కటి కాదు. ఒక్కో సంగీత వారపత్రిక తనకు నచ్చిన దుకాణాలకు ఫోన్ చేసి, ఏ రికార్డు బాగా పోతోందో అడిగి, తన పట్టిక తను వేసుకునేది. ఒక పత్రికలో “టోల్‌గేట్ లేన్” ఒక వారం ఒకటో స్థానంలో ఉంది. ఇంకో పత్రికలో రెండు దాటి పైకి వెళ్ళలేదు. తరవాతి కాలంలో పాత పాటల లెక్కలతో పుస్తకాలు వేసినవాళ్ళు ఆ రెండో పత్రికనే ఆధారం చేసుకున్నారు. ఏదో ఒకదాన్ని ఎంచుకోవాలి కాబట్టి ఎంచుకున్నారు, అంతే. రెండు పత్రికల ప్రతులూ నా దగ్గర ఉన్నాయి. రెండూ నిజాలే.

4. 2003 మార్చిలో ఒక గురువారం శాడ్లర్స్ ఆర్మ్స్ పబ్‌లో మా లోయలోని ఊళ్ళ జట్లు ఆడే క్విజ్ లీగు ఫైనల్ జరిగింది. అల్విన్, నెవిల్, నేను ఒకే జట్టు. కంటి ఆపరేషన్ వల్ల ఆ రోజు నేను వెళ్ళలేదు. తరవాత అక్కడున్నవాళ్ళలో ఆరుగురిని విడివిడిగా అడిగాను. అయిదుగురి మాట ఒకటే. ఆరోవాడు డెస్మండ్ ఎంట్విజిల్, ఆ రోజు ప్రశ్నలు అడిగిన పెద్దమనిషి.

పాత పాటల రౌండులో ఏడో ప్రశ్న: “మన ఊరి వెఫ్ట్‌మెన్ పాట ఎన్నో స్థానం దాకా ఎక్కింది?” మా టేబుల్ దగ్గర పెన్సిలు నెవిల్ చేతిలో ఉంది. అల్విన్ నవ్వి, “ఇది కూడా అడగాలా, ఒకటని రాసెయ్‌రా” అన్నాడు. నెవిల్ రెండు అని రాశాడు. “డెస్మండ్ పుస్తకంలో రెండే ఉంది నాన్నా. నీకు పాయింటు కావాలా, పంతం కావాలా?” అన్నాడు.

డెస్మండ్ జవాబు చదివాడు: రెండు. అల్విన్ లేచి నిలబడ్డాడు. “ఏ పత్రికలో డెస్మండ్? ఆ పాటకి డ్రమ్ము వాయించింది నేనయ్యా!” అన్నాడు. డెస్మండ్ మైకులోనే, “వాయించినట్టు గుర్తుంది గానీ అంకెలే గుర్తులేనట్టున్నాయి అల్విన్! కూర్చో కూర్చో, ఇక్కడ నా మాటే ఆఖరు” అన్నాడు. పబ్ అంతా నవ్వింది. అక్కడితో ఆపినా సరిపోయేది. ఆపలేదు. దిద్దడానికి పక్క టేబుల్‌కు వెళ్ళిన మా కాగితాన్ని తెప్పించుకుని పైకెత్తి చూపించాడు. “మీ టేబుల్ కూడా రెండే రాసింది గదయ్యా. నా మాట నమ్మకపోతే మీ అబ్బాయినే అడుగు.”

అల్విన్ కొడుకు వైపు చూశాడు. నెవిల్ తన బీరు గ్లాసు వైపు చూశాడు.

అల్విన్ కోటు తొడుక్కుని ఇంటికి వచ్చేశాడు. మా జట్టు ఒక్క పాయింటు తేడాతో కప్పు గెలిచింది. ఆ కప్పుతో నెవిల్ నవ్వుతున్న ఫోటో, నేను జీవితమంతా పనిచేసిన పత్రికలోనే వేశారు.

5. ఆ రోజునుంచి అల్విన్ శాడ్లర్స్‌లో అడుగు పెట్టలేదు. గురువారం సాయంత్రమైతే కోటు వేసుకుని కాలవగట్టు మీద లాకుల దాకా నడిచి వెనక్కి వస్తాడు. రేడియోలో పాత పాటల ప్రశ్నలు వస్తే కట్టేస్తాడు. బస్సు నడిపిన రోజుల్లో ప్రయాణికులు పాట పేరు చెబితే ఏ ఏడాదో, ఏ స్థానమో స్టీరింగు వదలకుండా చెప్పిన మనిషి. నెవిల్ ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి, వేయించిన మాంసం, బంగాళాదుంపలు తిని, వాతావరణం గురించి మాట్లాడి వెళతాడు. ఆ సంగతి మాత్రం ఎత్తడు. నేను ఒకసారి ఎత్తితే, “అత్తయ్యా, అది వట్టి క్విజ్. ఆయనే పెద్దది చేసుకున్నాడు” అన్నాడు. వట్టి క్విజ్ అయితే నాన్న మాట రాసి ఒక పాయింటు పోగొట్టుకోవచ్చు కదా. ఈ ప్రశ్న అడిగితే అతను ఇంకో రెండు బంగాళాదుంపలు వడ్డించుకున్నాడు.

6. డెస్మండ్ ఎంట్విజిల్‌కు 1963 మే నెల నాటి రెండు పత్రికల ప్రతులూ, బైండు చేయించి, ఇస్తున్నాను. తెలియక అన్నాడని అతని తరఫున వాదించేవాళ్ళ కోసం ఒక వాస్తవం. ఆ ఏడాది డెస్మండ్ మార్కెట్ వీధిలోని రికార్డుల దుకాణంలో కౌంటర్ దగ్గర పనిచేసేవాడు. ఆ దుకాణానికి రెండు పత్రికల్లో ఒకటి వారం వారం ఫోన్ చేసేది. ఫోన్ ఎత్తి అమ్మకాలు చెప్పింది డెస్మండే. పట్టికలు రెండని ఈ ఊళ్ళో అందరికంటే ముందు తెలిసినవాడు అతను. ఆ మాట అతని ముఖం మీదే అడిగాను. “ఎనిడ్, రెండు జవాబులు ఒప్పుకుంటే క్విజ్ నడుస్తుందా?” అన్నాడు. అడిగేముందు ఏ పత్రికో ఒక్క ముక్క చెబితే నడిచేది. ఒక మనిషిని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికి ఆ ముక్క అడ్డం, అందుకని చెప్పలేదు. ఇది నా అభిప్రాయం. మిగతావన్నీ వాస్తవాలు.

7. శాడ్లర్స్ యజమానురాలు గ్లెనిస్‌కు నా నీలం టీ కెటిల్, కప్పులు. ఆ ఫైనల్ తరవాత ప్రతి గురువారం ఒక పళ్ళెంలో పిండిపొరలో మాంసం కూరి కాల్చిన ‘పై’, ఉడికించిన బఠాణీలు పెట్టి, పైన ఇంకో పళ్ళెం మూసి మా గుమ్మంలో పెట్టి వెళ్ళేది. “అల్విన్ తినకపోతే నువ్వు తిను బంగారం, పళ్ళేలు మాత్రం పగలగొట్టకు” అనేది. ఆ రోజు నవ్వినవాళ్ళలో తనూ ఉంది. నేను అడక్కుండానే ఒప్పుకున్న మనిషి తనొక్కతే.

8. పెరట్లో ఉన్న పుల్లటి కాడల రూబార్బ్ మొక్కలు పక్కింటి శమీమ్ అఖ్తర్ తవ్వి తీసుకుపోవచ్చు. నా పెద్ద వానకోటు కూడా ఆమెకే. “ఆంటీ, ఈ కోటులో మీరు పోలీసులా ఉంటారు” అని ఎగతాళి చేసేది. ఇక తనే అలా ఉంటుంది.

9. ఇప్పుడు అసలు సంగతి. మా లీగులో ఒక ఆచారం ఉంది. ఆడేవాళ్ళలో ఎవరైనా పోతే, అంత్యక్రియల తరవాత వచ్చే మొదటి గురువారం ఒక రౌండు వాళ్ళది. పోయినవాళ్ళు కవరులో పెట్టి వెళ్ళిన పది ప్రశ్నలు మాట మార్చకుండా చదవాలి. వాళ్ళు రాసిందే జవాబు. వాదన లేదు. పెర్సీ లమ్ పోయినప్పుడు ఆస్ట్రేలియా రాజధాని సిడ్నీ అని రాసిపెట్టాడు. సిడ్నీకే పాయింటు ఇచ్చారు. కాన్‌బెరా అని రాసిన బడి పంతుళ్ళ టేబుల్ గొడవకు లేస్తే గ్లెనిస్, “ఇవాళ్టికి సిడ్నీయే బంగారం, రేపు మళ్ళీ మార్చుకోండి” అని కూర్చోబెట్టింది.

నా కవరు ఫిలిపా దగ్గర ఉంది. ఏడో ప్రశ్న డెస్మండ్ ఆనాడు అడిగిందే, ఒక్క మాట మారలేదు. డెస్మండే చదవాలి. జవాబు దాచడం నాకిష్టం లేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను: ఒక పత్రికలో ఒకటి, ఇంకో పత్రికలో రెండు. రెండూ రాసినవాళ్ళకే పాయింటు. రెండు అని మాత్రమే రాస్తే సున్నా. ఒకటి అని మాత్రమే రాసినా సున్నాయే, రాసింది అల్విన్ అయినా సరే. చనిపోయినవాళ్ళ మాట ఎవరూ కాదనరని తెలిసి, దాంతో అబద్ధం చెప్పించడానికి నేను పెర్సీని కాను.

10. మామూలుగా ఒక టేబుల్ కాగితాన్ని పక్క టేబుల్ దిద్దుతుంది. నా రౌండులో అన్ని కాగితాలూ అల్విన్ సగ్డెన్ దిద్దాలి. అతను పబ్‌కు రానంటే కాగితాలన్నీ కెనాల్ రోకు తెచ్చి ఇవ్వాలి, అతను దిద్ది పంపేదాకా పాయింట్లు చదవకూడదు. పబ్ అంతా అతని కోసం కాసేపు కూర్చోవడంలో తప్పు లేదు.

11. నా మేనల్లుడు నెవిల్ ఆ సాయంత్రం మా టేబుల్ దగ్గర అందరితో సమంగా కూర్చుని తన చేత్తో జవాబులు రాయవచ్చు. రాకపోనూ వచ్చు. అతను నలుగురిలో లేచి తండ్రికి క్షమాపణ చెబితేనే ఇంట్లో భాగం దక్కేలా షరతు పెట్టమని ఫిలిపా సలహా ఇచ్చింది. వద్దన్నాను. ఇంటి కోసం చెప్పిన మాటను అల్విన్ నమ్మడు, నేనూ నమ్మను. కాబట్టి నెవిల్‌కు నేనిచ్చేది జవాబు కాగితంలో ఒక గీత మాత్రమే, ఏడో నంబరు పక్కన. దాని మీద ఏం రాసినా అతనికి పైసా లాభం లేదు. నష్టమూ లేదు. రాసింది వాళ్ళ నాన్న చేతికి వెళుతుంది, అంతే.

12. టిక్కు పెట్టాలా, కొట్టెయ్యాలా అన్నది అల్విన్ ఇష్టం. ఆ ఒక్క కాగితం విషయంలో నా జవాబుకు కూడా అతను కట్టుబడనక్కర్లేదు. అల్విన్, నీ కొడుకు రాసింది నువ్వే చదువు. గట్టిగా చదవక్కర్లేదు.

పై సంగతులన్నీ నా ఎరుకలో నిజమని చెబుతూ, ఇద్దరు సాక్షుల కళ్ళెదుట, 2009 అక్టోబరు ఆరో తేదీ మంగళవారం, క్రాగ్‌డేల్‌లో నా చేత్తో సంతకం చేశాను.

ఎనిడ్ సగ్డెన్

సాక్షులు (ఈ ఆస్తిలో వీరికి ఏమీ రాదు, క్విజ్ ఆడే అలవాటూ లేదు):
హర్బర్ట్ థ్వైట్, తాళాలు బాగుచేసే పని, మార్కెట్ వీధి
మురియెల్ ఓల్డ్‌రాయిడ్, నర్సు, చాపెల్ హిల్