మొదటి ఆప్షన్

హైదరాబాద్,
ఆదివారం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు ఆరాధన వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. సారపాకలో నువ్వూ నాన్నా తమ్ముడూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నాన్న నడుంనొప్పి తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. అడిగితే ఆయన ఎలాగూ చెప్పడు, నువ్వే రాయాలి.

నీ ఉత్తరం అందింది. హాస్టల్లో మా వార్డెన్ మేడం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ కాలంలో చేత్తో రాసేవాళ్లు ఎవరు అని అడిగింది. మా అమ్మ లాసెట్ రాసి ర్యాంకు తెచ్చుకుంది, లా పరీక్షలంటే గంటల తరబడి రాయాలి కదా, అందుకని ఇప్పట్నించే చెయ్యి అలవాటు చేసుకుంటోంది అని చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తనకూ డిగ్రీ ఉందట, వచ్చే ఏడు ఆ పరీక్ష ఎప్పుడు పడుతుందో కనుక్కుని చెప్పమంది. చూశావా, నీ వల్ల ఇంకొకరు చెడిపోతున్నారు.

నాకూ ఉత్తరమే నయం. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. నాన్న దగ్గు, తమ్ముడు జస్టిన్ గాడి వేళాకోళం, పక్కింటి సుబ్బరత్నం అత్త తిన్నావా అని అడగడం, ఇవన్నీ వింటూ కూర్చుని పెట్టేస్తాను. చెప్పాలనుకున్నది నాలోనే ఉండిపోతుంది.

మన ఊరి దుర్గ పంచాయితీ సంగతి నువ్వు రాసింది రెండు మూడుసార్లు చదివాను. మొగుడు ఇంట్లోంచి వెళ్లగొట్టింది ఆమెను. ఆమెనేమో దూరంగా అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె మాట ఆమె అన్న దూలయ్య చెప్పాలన్నారంటే నాకు ఒళ్లు మండింది. మహిళా సంఘం పనులు చూసే నువ్వు లేచి ఆమె తరఫున మాట్లాడితే, పెద్దమనిషి జంపయ్య "నువ్వేమన్న వకీలువా విశ్రాంతమ్మా?" అన్నాడట. "ఇప్పటికైతే కాదు, అయిత" అన్నావట. ఇది నువ్వు రాయలేదు, నాన్న ఫోన్లో చెప్పాడు. చెబుతూ చాలాసేపు నవ్వాడు. అది మామూలు నవ్వు కాదమ్మా, నీమీద గర్వం.

ఇక నువ్వడిగిన వాటికి జవాబులు. పుస్తకాలు ఇప్పుడే ఏమీ కొనకు. గైడ్లు అసలే వద్దు. బేర్ యాక్ట్ అని ఉంటుంది, వ్యాఖ్యానం ఏమీ లేకుండా ఉన్న చట్టాన్ని ఉన్నట్టు అచ్చువేసిన పుస్తకం. ముందు అది చదవాలి, పైకి చదవాలి. సెక్షన్ నంబర్లు గుర్తుండటం లేదని మా క్లాసులో అందరూ తల పట్టుకుంటారు. నీకు ఆ బాధ లేదు. ఏ వాక్యం ఏ సువార్తలో ఎన్నో వచనమో నిద్రలో లేపి అడిగినా చెబుతావు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, నేరాలకు సంబంధించిన చట్టాలు ఈమధ్యే మారాయి, నంబర్లు కూడా మారాయి. పాత పుస్తకాలు ఎవరైనా ఉత్తినే ఇస్తామన్నా తెచ్చుకోకు.

ఇంగ్లీషుకు భయపడుతున్నావు. తీర్పులు ఇంగ్లీషులోనే ఉంటాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ తీర్పును కథలాగా మొదటి పేజీ నుంచి చదవబోకు. ఎవరు ఎవరిమీద కోర్టుకు వచ్చారు, ఏం కావాలన్నారు, చివరికి కోర్టు ఏమంది, ముందు ఇవి వెతుక్కో. సంఘంలో ఇద్దరాడవాళ్ల గొడవ వినేటప్పుడు నువ్వు చేసేదీ అదే. ఆ తర్వాత ఎందుకలా అన్నదో తీరిగ్గా చదువుకోవచ్చు. పరీక్ష తెలుగులో రాయనిస్తారా అంటే, అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. చేరకముందే కాలేజీలో అడుగు, నోటిమాట నమ్మకుండా రాసిమ్మను.

తెల్లచీరలు ఇప్పుడే కొనొద్దు. నల్లకోటు కూడా తర్వాతి మాట. హాజరు మాత్రం జాగ్రత్త, తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు. సంఘం పని ఉందని క్లాసు మానేస్తే ఎవరూ జాలి పడరు.

ఇవి అందరికీ చెప్పేవి. ఆడవాళ్లకని ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి, నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. నలుగురు కలిసి చేసే పని ఇచ్చినప్పుడు, "నీ రాత బాగుంటది అక్కా, నువ్వు రాయి, మేం మాట్లాడతం" అంటారు. మెచ్చుకున్నారు కదా అని ఒప్పుకున్నావా, ఇక చదువు అయిపోయేదాకా రాస్తూనే ఉంటావు. మాట్లాడే వంతు ముందే అడిగి తీసుకో. ముందు బెంచీలో కూర్చో. ఎవరైనా లాయరు దగ్గర పని నేర్చుకోవడానికి చేరేటప్పుడు, ఆ ఆఫీసులో ఇంకో ఆడమనిషి ఉందో లేదో చూడు, బాత్రూం ఉందో లేదో చూడు. సిగ్గుపడకుండా చూడు. ఎవరైనా హద్దు దాటితే ఫిర్యాదు వినడానికి కాలేజీలో ఒక కమిటీ ఉంటుంది, అందులో ఎవరున్నారో మొదటి వారంలోనే కనుక్కో. అవసరం పడ్డాక వెతికితే దొరకరు.

నీ వయసువాళ్లు ఉంటారా అని అడిగావు. నాలా ఐదేళ్ల కోర్సులో కాదు, నీ మూడేళ్ల కోర్సులో ఉంటారు. పోలీసులు, టీచర్లు, ఉద్యోగం మానేసినవాళ్లు. ఎక్కువమంది మగవాళ్లే. కొన్నాళ్లు నిన్ను చూసి పిల్లలు లేచి నిలబడతారు, కొత్త మేడం అనుకుని. కూర్చోమని చెప్పు, అంతే.

ఇక మొదటి ఏడాది నా గదిలో చేరిన రాజ్యశ్రీ సంగతి. క్రిస్మస్‌కు నాతోపాటు తనకూ జాకెట్టు కుడతానని, కొలతలు పంపమని రాశావు. ఇక్కడికి వచ్చి కలం ఆగిపోయింది. లేచి బాల్కనీలోకి వెళ్లి బట్టలు తీశాను, అవి ఇంకా ఆరనేలేదు. మళ్లీ వచ్చి కూర్చున్నాను.

అమ్మా, రాజ్యశ్రీ నాతో మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. రెండో ఏడాదిలోనే గది మారిపోయింది. నువ్వు తనకని పంపే ఇప్పపూల లడ్డూలు నేనే తిన్నాను. కొన్ని వార్డెన్ మేడంకి ఇచ్చాను. రాజ్యశ్రీ నిన్ను అడిగిందని, నీ చేపల పులుసు మెచ్చుకుందని ఫోన్లో చెప్పినవన్నీ నేను అల్లినవే. స్పీకర్లో అందరూ వింటుంటే, నీ గొంతులో అంత సంతోషం ఉంటే, నాకు ఎవరూ లేరని చెప్పబుద్ధి కాలేదు. నాకు ఇక్కడ ఎవరూ లేరమ్మా. మధ్యాహ్నం క్యాంటీన్లో గోడవైపు తిరిగి తింటాను. ఆదివారం చర్చిలో పూజకు వెళితే సమాధాన వందనం చెప్పుకునేటప్పుడు పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషి దండం పెడుతుంది చూడు, వారం మొత్తానికి నన్ను సూటిగా చూసి పలకరించేది అదొక్కటే.

ఎందుకిలా అయిందో కూడా చెబుతాను. మూట్ కోర్టు అని ఉంటుంది. ఉత్తుత్తి కోర్టు, మా సారే జడ్జి కుర్చీలో కూర్చుంటాడు, మేం వాదించాలి. రాజ్యశ్రీ, నేను ఒక జట్టు. రాత్రింబవళ్లు చదివాను, వాదన అంతా నోటికి వచ్చింది. నా వంతు రాగానే లేచి, మన పంచాయితీల్లో నువ్వు చేసినట్టే చేశాను. చేతులు జోడించి జడ్జికి దండం పెట్టి, కుడివైపు తిరిగి పెట్టి, ఎడమవైపు తిరిగి పెట్టి, జడ్జికి వీపు చూపించి వెనక బెంచీలకు కూడా పెట్టాను. "కూసున్న పెద్దలందరికి దండాలు" అనేశాను. మన దగ్గర అట్లా చేయనిదే ఎవరైనా మాట వింటారా? చిన్నప్పట్నించీ నీ కొంగు పట్టుకుని చూసింది అదే. మాట మొదలుపెట్టడమంటే అదే అనుకున్నాను.

హాలంతా ఒకటే నవ్వు. సారు కూడా నవ్వాడు. నేను చదివిందంతా ఎగిరిపోయింది. రాజ్యశ్రీ తల దించుకుని కూర్చుంది, తర్వాత వేరే జట్టులోకి వెళ్లింది. తనను తప్పుపట్టను, నా పక్కన ఉంటే తననూ నవ్వుతారు. ఆ రోజు నుంచి నా పేరు పంచాయితీ. ఇప్పటికీ కొందరికి నా అసలు పేరు తెలియదు. నాకు కోపం వాళ్లమీద కూడా కాదు. ఆ రాత్రి నాకు నీమీద కోపం వచ్చింది. అది తలుచుకుంటేనే ఏడుపొస్తుంది.

సీటు కోసం ఇచ్చే కాలేజీ ఆప్షన్లలో ఖమ్మం ముందు పెట్టాలా, నా కాలేజీ ముందు పెట్టాలా అని మొన్న ఫోన్లో నువ్వు అడగ్గానే ఖమ్మం అన్నాను. పెద్దమ్మ ఇల్లు ఉంది, ఊరికి దగ్గర అన్నాను. అసలు కారణం అది కాదు. ఇక్కడికి వస్తే నా బెంచీ మీద ఎవరూ లేరని నీకు తెలిసిపోతుంది. నిన్ను చూసి కూడా నవ్వుతారు. నవ్వితే నేను చూడలేను.

ఈ వారంతో ఆప్షన్లు మూసేస్తారు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, సెలవుల్లో ఇక్కణ్ణించి మన ఊరికి వస్తున్న దుర్గ చెల్లెలికి ఇచ్చి పంపుతున్నాను. నాన్న నిన్ను ఆపడు. "చదువుకోనీ, వంట నాకు రాదా ఏంది" అన్నాడు నాతో. హాస్టల్ వదిలేసి మనిద్దరం ఒక గది కిరాయికి తీసుకుందాం. నాకు ఇంకా ఏడాదిన్నర చదువుంది, నీకు మూడేళ్లు. నా చదువు అయిపోయాక నువ్వు ఒంటరివవుతావేమో అని భయం లేదు, నువ్వు అప్పటికి ఊరందరినీ చుట్టాలను చేసుకుంటావు. ఖమ్మం చదువు తక్కువని కాదు, నాకే నువ్వు కావాలి. నా కాలేజీ మొదట పెట్టమ్మా.

మూట్ కోర్టు నీకూ వస్తుంది. ఏదెట్లా చెయ్యాలో నీకు నేర్పిస్తానులే, జడ్జికి వీపు చూపించకూడదు, అంతవరకే. కానీ నువ్వు మానవని నాకు తెలుసు, నువ్వు ఎక్కడ నిలబడినా నాలుగు వైపులా దండం పెట్టే మనిషివి. పెట్టు. నవ్వేవాళ్లు నవ్వుతారు. నువ్వు వెనక్కి తిరిగేసరికి ఆఖరి బెంచీలో నేను లేచి నిలబడి, చేతులు జోడించి ఉంటాను.

ఇట్లు,
నీ పక్కన చోటుకోసం చూస్తున్న
నీ బిడ్డ ఆరాధన