చెవులపిల్లి ఈస్టరు

లీడ్స్, ఇంగ్లండు
10 మార్చి 1963

ప్రభువునందు ప్రియమైన పెదనాన్న ప్రేమదాసు గారికి, పెద్దమ్మకి, మీ సలోమి వందనాలు.

ఆసుపత్రిలో నర్సు పని బాగానే ఉంది. చలికి చేతులు పగిలాయి. పండగ ఎలా చేసుకుంటావని అడిగారు. ఇక్కడ ఈస్టరంటే కుందేలు వచ్చి తోటలో గుడ్లు పెట్టిపోవడం, పిల్లలు వెతుక్కోవడం. గుడ్లు చాక్లెట్టువి. ప్రభువు సంగతి ఎవరూ ఎత్తరు. నేనున్న ఇంటి యజమానురాలు మిసెస్ బార్లో చర్చికే వెళ్ళదు. వాళ్ళాయన సమాధి మా వీధి చివర చర్చి దొడ్లోనే ఉంది, అక్కడికీ వెళ్ళదు. నిజం చెప్పాలంటే నాకూ పండగ మీదికి మనసు పోవడం లేదు. ఈసారికి ఆ చాక్లెట్టు గుడ్డేదో తినేసి పడుకుంటాను.

ఇట్లు, మీ సలోమి

తా.క. గుడ్డు లోపల డొల్ల పెదనాన్నా. డబ్బులు మాత్రం నిండు గుడ్డుకే తీసుకుంటారు.

దర్శి
25 మార్చి 1963

చిరంజీవి సలోమిని దీవించి పెదనాన్న రాయునది.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. కుందేలు గుడ్లు పెట్టడమేమిటే? ఆ తెల్లదొరలే కదా బండి కట్టుకుని మన పల్లెకి వచ్చి, ప్రభువు లేచాడు, సమాధి ఖాళీ అని మా తాతకి చెప్పింది? చెప్పినవాళ్ళు ఇంటికెళ్ళి చెవులపిల్లిని పెట్టుకున్నారా?

పడుకుంటావా? మీ అమ్మ నీకు సలోమి అని ఎందుకు పెట్టింది? తెల్లవారకుండా ప్రభువు సమాధికి వెళ్ళిన ఆడవాళ్ళలో ఒకామె పేరని. ఆ పేరు పెట్టుకుని నిద్రపోతానంటే నేనొప్పుకోను. మనం చేసినట్టే చెయ్యి. శనివారం సమాధికి తెల్లగా సున్నం వెయ్యి. కోడికూతకి దీపం పట్టుకెళ్ళి పాట పాడు. మనవాళ్ళ సమాధి ఇక్కడ లేదంటావేమో, ఆ ఇంటామె మొగుడిది ఉందిగా! మీ అమ్మ సమాధి సంగతి నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో, పెదనాన్న

తా.క. సంఘానికి బుద్ధి చెబుదామని నీ ఉత్తరం ఆరాధనలో చదివాను. పిల్లలకి బుద్ధి రాలేదు, కుందేలు కావాలన్నారు. తన మిరపచేలో దొరికిందని యలమందయ్య ఒక చెవులపిల్లిని తెచ్చి, "మీ పండక్కి పనికొస్తుందంటగా పంతులూ" అని నా ఒళ్ళో పెట్టి పోయాడు. గంప కింద మూసి, పైన పొత్రం రాయి పెట్టాను. పిల్లలు బడి మానేసి, ఎప్పుడు గుడ్డు పెడుతుందా అని చుట్టూ కూర్చున్నారు.

లీడ్స్
16 ఏప్రిల్ 1963

పెదనాన్న గారికి వందనాలు. ఇవి కోపంతో పెడుతున్న వందనాలు.

మీరు చెప్పినట్టే చేశాను. సున్నం దొరక్క తెల్లరంగు డబ్బా కొన్నాను. మిసెస్ బార్లో భర్త సమాధి నల్లగా ఉంటే, ఎవరూ పట్టించుకోక మాసిపోయిందనుకుని రెండు పూతలు వేశాను. తెల్లవారుజామున కొవ్వొత్తి వెలిగించి పాడుతుంటే పోలీసు వచ్చాడు. వెనకాలే మిసెస్ బార్లో, పడుకునే గౌను మీద కోటు వేసుకుని. అది మాసిన రాయి కాదట, ఏరి కోరి తెప్పించిన నల్లరాయట. ఈ దేశంలో సమాధులకి రంగు వెయ్యరట!

వచ్చే నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమంది. మా రంగువాళ్ళకి ఈ ఊళ్ళో గది దొరకడం ఎంత కష్టమో మీకేం తెలుసు? దొరక్కపోతే ఉద్యోగం మానుకుని రావడమే. అంతా మీ మాట విన్నందుకు.

ఇట్లు, సలోమి

తా.క. పోలీసు మాత్రం పాట బాగుందన్నాడు.

దర్శి
28 ఏప్రిల్ 1963

సలోమిని దీవించి రాయునది.

నల్లరాయికి రంగు వెయ్యమని నేను రాశానా? సున్నం వెయ్యమన్నాను. సున్నమైతే ఒక్క వానకి పోయేది. నా ఖర్మ. క్షమాపణ ఉత్తరం ఇంగ్లీషులో రాసి ఇందులో పెట్టాను, ఆమెకి ఇవ్వు.

ఇక్కడి పండగ కూడా విను. మీ అమ్మ సమాధి దగ్గర, సంఘమంతా దీపాలు పట్టుకుని ఉండగా ప్రసంగం మొదలుపెట్టాను. ఏటా చెప్పేదే, నాకే ఆవులింత వచ్చింది. ఇంతలో గంప చూడబోయిన పిల్లలు రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు. "పంతులుగారూ, రాయి తీసేసి ఉంది! లోపల లేదు!" అని ఒకటే అరుపు. సంఘపెద్ద జక్రయ్య నవ్వాడు, అందరూ నవ్వారు. "అబద్ధం కాదు, మా కళ్ళతో చూశాం" అని పిల్లల ఏడుపు. నాకు నవ్వు రాలేదు. ఆనాడు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి సమాధి ఖాళీ అని చెబితే మగవాళ్ళు ఇలాగే కొట్టిపారేసి ఉంటారు. ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పానే గాని, నేను విన్నది ఆ రోజే.

ఆశీస్సులతో, పెదనాన్న

తా.క. రాయి ఎవరు తీశారో ఊరంతా అడిగాను. ఒక్కరూ ఒప్పుకోరు. దేవదూతే తీశాడని పిల్లలంటున్నారు. మిషను దొరసాని సెలవు మీద మీ దేశం వస్తోంది. మీ పెద్దమ్మ ఆమె చేత నీకు మిరపకాయలు పంపుతోంది.

లీడ్స్
9 జూన్ 1963

ప్రియమైన పెదనాన్న గారికి వందనాలు. ఈసారి మామూలు వందనాలే.

మీ క్షమాపణ ఉత్తరం మిసెస్ బార్లోకి ఇచ్చాను. మర్నాడు బకెట్టు, టర్పెంటైను తీసుకుని సమాధికి బయల్దేరింది. నేనూ వెంటపడ్డాను. భర్తని పాతిపెట్టాక, పోలీసుతో వచ్చిన రోజుదాకా ఆమె అటు అడుగే పెట్టలేదట. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని రంగు గీకుతుంటే, "ఎందుకు చేశావిదంతా?" అంది. మా ఊళ్ళో పండగ రోజు మావాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళి, మీరు ఇక్కడే ఉండిపోరు, లేస్తారు అని చెప్పివస్తాం అన్నాను. చెబుతుంటే అమ్మ గుర్తొచ్చి ఏడ్చేశాను. గుడ్డు తిని పడుకుంటానన్నది నేనేనా అనిపించింది. ఆమె కూడా ఏడ్చింది. తర్వాత, రంగు వెయ్యడం కూడా సరిగా రాదని తిట్టింది.

గది ఖాళీ చెయ్యక్కర్లేదు. రంగు ఎప్పుడో పోయింది. అయినా ఇంకా కాస్త ఉందంటూ ప్రతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బయల్దేరుతుంది.

ఇట్లు, మీ సలోమి

తా.క. మిరపకాయలు అందాయి. మూట విప్పితే కాయలకి చెవులపిల్లి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. కాయలు పోసుకోవడానికి పెద్దమ్మకి గంప కావలసి వచ్చినట్టుంది. దేవదూత కోసం మీరిక ఊరంతా తిరగక్కర్లేదు. ఆమెకి నా వందనాలు చెప్పండి.